హెచ్‌డబ్ల్యూలాక్ రివ్యూ: మెషిన్ తన గురించి తప్పు చెబితే ఈ టూల్ ఎంతవరకు పట్టుకుంటుంది?

సర్వర్‌లో ఎన్ని సీపీయూలు ఉన్నాయో తెలుసుకోవడానికి పెద్ద టూల్ ఏమీ అక్కర్లేదు, ఏ కమాండ్ కొట్టినా 64 అనో 128 అనో ఒక నంబర్ వస్తుంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ 64లో ఏ రెండు ఒకే కోర్‌లో ఉండే థ్రెడ్లు, ఏవేవి ఒకే ఎల్3 క్యాష్‌ని (చిప్ లోపలి వేగవంతమైన చిన్న మెమరీ) పంచుకుంటున్నాయి, ఏ మెమరీ ఏ సాకెట్‌కి (ప్రాసెసర్ కూర్చునే చోటు) దగ్గర, జీపీయూ ఎటువైపు ఉంది, నెట్‌వర్క్ కార్డ్ ఎటువైపు ఉంది. ఇవేవీ తెలియకుండా ప్రోగ్రామ్ నడిపినా నడుస్తుంది, కాకపోతే ఎందుకింత నెమ్మదిగా ఉందో చెప్పేవాళ్లే ఉండరు. ఈ మ్యాప్ గీసి చేతికిచ్చే సాఫ్ట్‌వేర్లలో నేను అందరికీ ముందు చెప్పేది హెచ్‌డబ్ల్యూలాక్. దాని ఫీచర్లన్నీ వరసగా చెప్పడం నా ఉద్దేశం కాదు, అవి డాక్యుమెంటేషన్‌లోనే ఉన్నాయి. మెషిన్ తన లేఅవుట్ గురించి తానే తప్పు చెప్పినప్పుడు ఇది ఏం చేస్తుంది, ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, ఈ రివ్యూ ఎక్కువగా దాని మీదే.

ముందు చరిత్ర, క్లుప్తంగా. ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థ, బోర్డో కేంద్రంలో ఒక టీమ్ లిబ్‌టోపాలజీ అని ఒక లైబ్రరీ రాసుకుంది. అటువైపు చాలా ప్రాసెస్‌లు కలిసి ఒకే లెక్క చేయడానికి వాడే ఓపెన్ ఎంపీఐ వాళ్ల దగ్గర పీఎల్‌పీఏ అని ప్రాసెస్‌ని కోర్‌కి కట్టేసే ఇంకో లైబ్రరీ ఉండేది. ఇద్దరూ కలిసి 2009లో దీన్ని బయటికి తెచ్చారు, అప్పటినుంచి ఓపెన్ ఎంపీఐ ప్రాజెక్ట్ గొడుగు కిందే ఉంది. బీఎస్‌డీ లైసెన్స్, అంతా ఉచితం. ఓపెన్ ఎంపీఐ, దాని లాంటిదే అయిన ఎంపిచ్, జాబ్‌లని సర్వర్లకి పంచిపెట్టే స్లర్మ్ లాంటివన్నీ లోపల దీన్నే వాడతాయి కాబట్టి, మీరు ఎప్పుడూ పేరు వినకపోయినా క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) జాబ్ నడిపి ఉంటే దీన్ని వాడేసినట్టే.

కొత్తవాళ్లకి మొదట కనిపించేది ఎల్‌ఎస్‌టోపో. కమాండ్ కొడితే మెషిన్ మొత్తం పెట్టెల్లో పెట్టెలుగా బొమ్మ వస్తుంది: బయట మెషిన్, లోపల ప్యాకేజీ (ప్రాసెసర్ చిప్), అందులో నూమా నోడ్ (కొన్ని కోర్లు, వాటికి దగ్గరి మెమరీ), ఎల్3, ఎల్2, ఎల్1, కోర్, చివరికి పీయూ, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఒక సీపీయూగా లెక్కపెట్టే హార్డ్‌వేర్ థ్రెడ్. పక్కనే పీసీఐ బస్సులు, వాటి చివర డిస్కులు, కార్డులు. ఫైల్ పేరు ఇస్తే పీఎన్‌జీ, పీడీఎఫ్, ఎస్‌వీజీ, ఎక్స్‌ఎంఎల్ ఏదైనా రాసిపెడుతుంది. డెబియన్ లాంటి వాటిలో గ్రాఫిక్స్ లేని ప్యాకేజీ విడిగా, నాక్స్ అనే తోకతో ఉంటుంది. సర్వర్ మీద అదే వేసుకోండి, టెక్స్ట్‌లో చెట్టు లాగా చూపిస్తుంది, లేకపోతే ఒక చిన్న కమాండ్ కోసం బొమ్మలు గీసే లైబ్రరీలన్నీ వచ్చి కూర్చుంటాయి. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఇంటెల్ 12వ తరం నుంచి వచ్చిన హైబ్రిడ్ చిప్‌ల మీద చూడండి, పెద్ద కోర్లకి ఒక్కొక్కదానికి సొంత ఎల్2, చిన్న కోర్లు నాలుగేసి కలిసి ఒక ఎల్2, పేజీలకొద్దీ చదివితే వచ్చేది ఒక్క చూపులో అర్థమవుతుంది. ఈ రెండు రకాల కోర్లని వేరువేరుగా చెప్పే సదుపాయం 2.4 వెర్షన్‌లో వచ్చింది.

ఇక అసలు విషయం. ఈ బొమ్మకి సమాచారం ఎక్కడినుంచి వస్తుంది? లైబ్రరీ ఏమీ చిప్‌ని మైక్రోస్కోప్‌లో పెట్టి చూడదు. లైనక్స్‌లో అయితే హార్డ్‌వేర్ వివరాలు ఫైళ్లుగా కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్ కింద ప్రతి సీపీయూకి ఒక డైరెక్టరీ ఉంటుంది, అందులో టోపాలజీ (లేఅవుట్) అని, క్యాష్ అని ఫైళ్లుంటాయి: ఈ సీపీయూ ఏ ప్యాకేజీది, దీని తోబుట్టువు థ్రెడ్లు ఏవి, ఈ క్యాష్‌ని ఎవరెవరు పంచుకుంటున్నారు. నోడ్ల డైరెక్టరీ వేరే, పీసీఐ డివైజ్‌ల డైరెక్టరీ వేరే. ఈ ఫైళ్లని కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ప్రధాన భాగం, నింపుతుంది. కెర్నల్‌కి కోర్లు, క్యాష్‌ల సంగతి ప్రాసెసర్‌లోని సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్ చెబుతుంది, మెమరీ ఎవరికి దగ్గర అన్నది మాత్రం ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డ్‌లోని బయోస్, ఇచ్చే ఏసీపీఐ టేబుల్స్ చెబుతాయి. ఎస్‌రాట్ అనే టేబుల్ ఏ సీపీయూ, ఏ మెమరీ ఏ నోడ్‌వో చెబితే, స్లిట్ అనే టేబుల్ నోడ్ల మధ్య దూరాలు చెబుతుంది. ఆ టేబుల్స్ రాసేది బయోస్ చేసినవాళ్లు, అంటే మదర్‌బోర్డ్ కంపెనీలో ఎవరో ఒకరు, రిలీజ్ డేట్ దగ్గరపడి టెన్షన్‌లో ఉన్నవాళ్లు. ఇన్ని చేతులు మారి వచ్చిన సమాచారంలో ఒక చోట తప్పు దొర్లితే అది కిందిదాకా నేరుగా దిగిపోతుంది. క్యాష్ సంగతి ఒకరు, మెమరీ సంగతి ఇంకొకరు చెబుతున్నారన్నది గుర్తుపెట్టుకోండి, కింద చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

హెచ్‌డబ్ల్యూలాక్ చేసే పని దాదాపు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ లాంటిది. సాక్షులు వేరువేరుగా చెప్పిన మాటలన్నీ తెచ్చి ఒకే చెట్టులో పెట్టడానికి చూస్తుంది. చెట్టు అన్నాక ఒక నియమం ఉంటుంది, ఏ రెండు పెట్టెలు తీసుకున్నా ఒకటి ఇంకోదాని లోపల పూర్తిగా ఉండాలి, లేదా రెండూ పూర్తిగా విడివిడిగా ఉండాలి, సగం లోపల సగం బయట కుదరదు. ఒక ఎల్3 క్యాష్ వచ్చి నాది 4 నుంచి 9 వరకు ఉన్న సీపీయూలు అంటుంది. ఒక నూమా నోడ్ వచ్చి నాది 0 నుంచి 5 వరకు అంటుంది. 4, 5 రెండింటిలోనూ ఉన్నాయి, కానీ ఏదీ దేనిలోనూ పూర్తిగా ఇమడదు. అంటే ఇద్దరిలో ఒకరైనా తప్పు చెబుతున్నారు. అప్పుడు హెచ్‌డబ్ల్యూలాక్ స్క్రీన్ మీద నక్షత్రాల గీతల మధ్య పెద్ద వార్నింగ్ పెడుతుంది: ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన సమాచారం సరిగ్గా లేదు, ఫలానాది ఫలానాదానితో కొంత కలుస్తోంది కానీ లోపల ఇమడట్లేదు, ఫలానా ప్రశ్న ఎఫ్‌ఏక్యూలో చూడండి అని. ఏఎండీ ఆప్టెరాన్ 6100, 6200 సిరీస్ మెషిన్లు పాత బయోస్‌తో నడిపినవాళ్లకి ఈ మెసేజ్ బాగా పరిచయం. ఆ చిప్‌లలో ఒకే ప్యాకేజీలో రెండు డైలు (సిలికాన్ ముక్కలు), ఒక్కో డైకి ఒక ఎల్3, ఒక నోడ్. అక్కడ క్యాష్ సరిహద్దు, నోడ్ సరిహద్దు ఒకటే కావాలి, లెక్క కాస్త పక్కకి జరిగితే చాలు రెండూ గుద్దుకుంటాయి.

ఈ వార్నింగ్ చూసి చాలామంది హెచ్‌డబ్ల్యూలాక్ పాడైందనుకుంటారు, ఎంపీఐ పాడైందనుకునేవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే మెసేజ్ వచ్చేది ఎంపీఐ జాబ్ మొదలయ్యేటప్పుడు. తిట్లన్నీ వీళ్లకే. నిజానికి అదే సమాచారాన్ని పక్కనున్న ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కూడా అదే సిస్‌ఎఫ్‌ఎస్ నుంచి చదివి, నోరు మెదపకుండా ప్రింట్ చేసి ఊరుకుంటుంది, ఒక లైన్‌లో నోడ్ లెక్క, ఇంకో లైన్‌లో క్యాష్ లెక్క, రెండూ పొసుగుతాయా లేదా అన్నది చదివేవాళ్ల ఖర్మ. అడిగినవాడు చెడ్డవాడైపోయాడు, అంతే. ఈ ఒక్క గుణానికే నేను దీనికి ఎక్కువ మార్కులు వేస్తాను.

కెర్నల్ కూడా ఈ విషయంలో మరీ అమాయకురాలేమీ కాదు. బూట్ అయ్యేటప్పుడు స్లిట్ టేబుల్‌ని చిన్న పరీక్ష పెడుతుంది: ప్రతి నోడ్‌కి తనతో తనకి దూరం 10 ఉండాలి, వేరే నోడ్‌కి 10 కంటే ఎక్కువ ఉండాలి. అలా లేకపోతే టేబుల్ సరిగ్గా లేదని రాసి పక్కన పడేసి, తన సొంత లెక్కగా దగ్గరికి 10, దూరానికి 20 పెట్టేసుకుంటుంది. ఒకే ఎల్3లో ఉన్న రెండు సీపీయూలు వేరువేరు నోడ్లలో కనిపిస్తే, ఆ సంబంధాన్ని వదిలేస్తున్నానని డీమెసేజ్ అనే కెర్నల్ లాగ్‌లో ఒక లైన్ వేస్తుంది. ఫర్మ్‌వేర్ బగ్ అని బ్రాకెట్లలో ముందు పెట్టి వచ్చే లైన్లు ఎప్పుడైనా చూశారా? ఒకసారి మీ మెషిన్‌లో వెతకండి, చాలా మెషిన్లలో కనీసం ఒకటి దొరుకుతుంది. కానీ అవన్నీ బూట్ లాగ్‌లో పూడుకుపోతాయి. హెచ్‌డబ్ల్యూలాక్ మాత్రం ప్రోగ్రామ్ నడిపే మనిషి కళ్ల ముందే అడుగుతుంది.

అడిగాక ఏం చేస్తుంది? ఇక్కడే నాకు నచ్చినదీ ఉంది, గొణిగేదీ ఉంది. ప్రోగ్రామ్‌ని ఆపేయదు. పొసగని రెండింటిలో తర్వాత వచ్చినదాన్ని చెట్టులోకి రానివ్వదు, మిగతా చెట్టుతో ముందుకి పోతుంది. అప్లికేషన్ కూలిపోకూడదు కాబట్టి ఇది సరైన నిర్ణయమే. కాకపోతే ఎవరిది తప్పో తేల్చాక వేసిన వేటు కాదిది. క్యాష్ సమాచారం నిజమై, నోడ్ సమాచారం అబద్ధమైనా, వరసలో వెనకొచ్చిన పాపానికి నిజం బయటికి పోవచ్చు. ఆ తర్వాత చెట్టులో ఒక ఎల్3 ఉండదు, లేదా ఒక మెషిన్‌లో సగం ఒక రకంగా, సగం ఇంకో రకంగా కనిపిస్తుంది. ఎల్3కి ఒక ప్రాసెస్ చొప్పున పెట్టు అని చెప్పిన జాబ్, లేని ఎల్3ని లెక్కపెట్టలేక తక్కువ ప్రాసెస్‌లు పెడుతుంది. వార్నింగ్‌లో ఏది ఏదాన్ని గుద్దుకుందో చెబుతారు సరే, దాని వల్ల మీ ప్లేస్‌మెంట్‌లో ఏం మారుతుంది, మీరు పట్టించుకోవాలా వద్దా అన్న ఒక్క వాక్యం ఉంటే ఎంత బాగుండేది. సిస్టమ్ అడ్మిన్ కాని సైంటిస్ట్‌కి సీపీయూసెట్ (సీపీయూల జాబితా) హెక్సాడెసిమల్ నంబర్లు చూపించి ఏం లాభం?

ఆ వార్నింగ్ నోరు మూయించడానికి హెచ్‌డబ్ల్యూలాక్_హైడ్_ఎర్రర్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. ఇప్పటి వెర్షన్లలో 0 పెడితే అన్నీ చూపిస్తుంది, 1 పెడితే ముఖ్యమైనవి మాత్రమే, 2 పెడితే ఏదీ చూపించదు. లైబ్రరీకి మామూలుగా 1, ఎల్‌ఎస్‌టోపోకి 0. ఏదైనా క్లస్టర్‌లో లాగిన్ స్క్రిప్ట్ తెరిచి చూస్తే ఇది 2 అని ఎవరో ఎప్పుడో పెట్టేసి వెళ్లిపోయి ఉంటారు. యూజర్లు టికెట్లు పెడుతున్నారని, వార్నింగ్ పోతే చాలనుకున్నారని. దయచేసి అలా చేయకండి, చేసినా పక్కన ఎందుకు చేశారో, ఏ బయోస్ వెర్షన్ మీద చేశారో ఒక కామెంట్ రాయండి. మెషిన్లు మారిపోయినా ఆ లైన్ అలాగే ఉండిపోతుంది, కొత్త మెషిన్‌లో వచ్చే నిజమైన వార్నింగ్‌ని కూడా మింగేస్తుంది.

సరైన మందు బయోస్ అప్‌డేట్, ఆ తర్వాత కెర్నల్ అప్‌డేట్. ఎక్కువసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే హెచ్‌డబ్ల్యూలాక్-గ్యాదర్-టోపాలజీ అనే స్క్రిప్ట్ ఉంది, నాకు ఈ ప్యాకేజీ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. లైనక్స్‌లో టోపాలజీకి సంబంధించిన ప్రాక్, సిస్ ఫైళ్లన్నీ ఒక టార్‌బాల్‌లో మూటకట్టి ఇస్తుంది. ఆ మూట విప్పి ఇంకో మెషిన్‌లో ఎల్‌ఎస్‌టోపోకి ఇన్‌పుట్‌గా ఇస్తే, మీ సర్వర్ లేఅవుట్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో తప్పులతో సహా మళ్లీ కనిపిస్తుంది. డెవలపర్లకి మీ మెషిన్ లాగిన్ ఇవ్వక్కర్లేదు, నా దగ్గర రావట్లేదే అని వాళ్లు తప్పించుకునే వీలూ లేదు. బగ్ రిపోర్ట్ అంటే ఇలా ఉండాలి.

ఇక దీని పరిమితి. సాక్షులు ముందే మాట్లాడుకుని ఒకే అబద్ధం చెబితే ఏ క్రాస్ ఎగ్జామినేషన్ మాత్రం ఏం చేస్తుంది? హెచ్‌డబ్ల్యూలాక్ పట్టుకునేది పొసగని సమాచారాన్ని. తప్పైనా పొసిగేలా ఉంటే చెట్టులో చక్కగా కూర్చుంటుంది, ఒక్క వార్నింగ్ రాదు, బొమ్మ అందంగా వస్తుంది, అసలు ప్రమాదం అదే.

దీనికి పీసీఐ డివైజ్‌లే పెద్ద ఉదాహరణ. నేను పనిచేసిన ఒక రెండు సాకెట్ల సర్వర్‌లో జీపీయూ రెండో సాకెట్ వైపు స్లాట్‌లో ఉంది. ఆ సర్వర్ తయారీదారు బయోస్ మాత్రం అన్ని స్లాట్లూ మొదటి సాకెట్ పక్కనే అని చెప్పేది. కెర్నల్ నమ్మింది, హెచ్‌డబ్ల్యూలాక్ కూడా నమ్మింది, నమ్మక చస్తుందా, దానికి అనుమానించే ఆధారం లేదు, జీపీయూ మొదటి సాకెట్ కింద ఉన్నా చెట్టు చెట్టులాగే ఉంటుంది. దాని మాట విని ప్రాసెస్‌లని మొదటి సాకెట్‌కి కట్టేస్తే, డేటా అంతా సాకెట్ల మధ్య వంతెన దాటి వెళ్లేది. రెండు వైపుల నుంచీ జీపీయూకి కాపీ చేసి వేగం కొలిచి చూస్తే గానీ బయటపడలేదు. అలాంటి తయారీదారు సపోర్ట్‌కి రాస్తే వచ్చే జవాబు మీకు తెలిసిందే, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి అని.

కొన్ని బయోస్‌లు అంత కూడా చెప్పవు. డివైజ్ నూమా నోడ్ ఎంతని కెర్నల్‌ని అడిగితే -1 అంటుంది, అంటే నాకు తెలియదని. అప్పుడు డివైజ్ మెషిన్ మొత్తానికీ చెందినట్టు కనిపిస్తుంది. అబద్ధం కంటే ఇదే నయం, కనీసం అనుమానం వస్తుంది.

తెలిసిన తప్పులకి మాత్రం లైబ్రరీ లోపలే మరమ్మతులు పెట్టుకున్నారు. ఇంటెల్ జియాన్ ఈ5 వీ3లో క్లస్టర్ ఆన్ డై అనే మోడ్ ఉండేది, ఒక్కో ప్యాకేజీని రెండు నూమా నోడ్లుగా చీల్చేది. అందులో పీసీఐ ప్రతి ప్యాకేజీలో మొదటి నోడ్‌కే ఉంటుంది, కానీ రెండు ప్రాసెసర్ల మెషిన్లు చాలావాటిలో రెండో ప్యాకేజీ పీసీఐ బస్సుని మొదటి ప్యాకేజీలోని రెండో నోడ్‌కి తగిలించి చెప్పేవి. నోడ్ నంబర్ 1 అంటే రెండో సాకెట్ అనుకునే పాత అలవాటు వల్ల వచ్చిన తప్పయి ఉంటుందని నా అనుమానం. హెచ్‌డబ్ల్యూలాక్ ఈ కేసుని గుర్తుపట్టి తనే సరిచేస్తుంది. ఇలాంటి పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు, కానీ లైబ్రరీ విలువ అంతా ఇందులోనే ఉంది. మనం సొంతంగా సిస్‌ఎఫ్‌ఎస్ చదివే యాభై లైన్ల స్క్రిప్ట్ రాసుకోవచ్చు, ఆ స్క్రిప్ట్‌కి ఈ మరమ్మతులు ఎక్కడివి?

వర్చువల్ మెషిన్లు ఇంకో తరహా. అక్కడ అబద్ధం చెప్పడమే వర్చువల్ మెషిన్లని నడిపే హైపర్‌వైజర్ ఉద్యోగం. వర్చువల్ మెషిన్లు నడిపే క్యూఎమూ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ లేఅవుట్ కావాలో చెప్పకుండా 8 సీపీయూలు అడిగితే పాత మెషిన్ టైపుల్లో 8 సాకెట్లుగా చూపించేది, 6.2 నుంచి వచ్చిన మెషిన్ టైపుల్లో కోర్లుగా చూపిస్తుంది. రెండూ కల్పితమే. పైగా వర్చువల్ సీపీయూలని నిజమైన కోర్లకి కట్టేయకపోతే, ఈ క్షణంలో ఒక చోట ఉన్నది మరుక్షణం ఇంకో చోట ఉంటుంది, ఆ మ్యాప్ మీద ఆధారపడి ప్రాసెస్‌లని జాగ్రత్తగా పేర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఎల్‌ఎస్‌టోపో అక్కడ కూడా గీతలు తేడా లేకుండా గీస్తుంది. ఈ బొమ్మ వర్చువల్ మెషిన్‌ది, ఇందులో క్యాష్ లెక్కల్ని నమ్మకండి అని ఒక మూల చిన్న అక్షరాల్లో రాస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

దూరాల టేబుల్ సంగతీ అంతే. కెర్నల్ పరీక్ష చెప్పాను కదా, 10 కంటే ఎక్కువ ఉంటే చాలు. కాబట్టి నాలుగు సాకెట్ల మెషిన్‌లో కొన్ని జతల మధ్య నేరుగా లింక్ ఉన్నా, కొన్నింటికి మధ్యలో ఇంకో సాకెట్ మీదుగా పోవాల్సి వచ్చినా, అన్నిచోట్లా 20 అని రాసేసిన టేబుల్ పాసైపోతుంది. హెచ్‌డబ్ల్యూలాక్ ఈ దూరాలు చూసి దగ్గరి నోడ్లని గుంపులుగా చేయగలదు, అన్నీ ఒకటే అంకె అయినప్పుడు గుంపులు చేయడానికేముంది.

తప్పు మీకు తెలిసిపోయాక సరిదిద్దుకునే దారులు మాత్రం ధారాళంగా ఇచ్చారు. పీసీఐ బస్సు ఏ సీపీయూలకి దగ్గరో చెప్పడానికి హెచ్‌డబ్ల్యూలాక్_పీసీఐ_లొకాలిటీ అనే వేరియబుల్ ఉంది, పైన చెప్పిన జీపీయూ గొడవకి ఇదే మందు. లైనక్స్‌లో డివైజ్ నూమా నోడ్ ఫైల్‌లోకే రూట్‌గా సరైన నంబర్ రాయొచ్చు కూడా, అప్పుడు కెర్నల్ మీ వెండార్‌ని అప్‌డేట్ అడగండి అని లాగ్‌లో ఒక చురక వేసి, తనకి ఫర్మ్‌వేర్ మరక అంటినట్టు గుర్తు పెట్టుకుని మరీ ఒప్పుకుంటుంది. సిస్‌ఎఫ్‌ఎస్ మీదే నమ్మకం పోతే హెచ్‌డబ్ల్యూలాక్_కాంపోనెంట్స్ అనే వేరియబుల్‌లో ఎక్స్86 అని పెట్టండి, కెర్నల్‌ని పక్కన పెట్టి ఒక్కో కోర్ మీదికి వెళ్లి సీపీయూఐడీ అడిగి చెట్టు కడుతుంది. క్యాష్‌ల విషయంలో ఇది కొన్నిసార్లు కెర్నల్ కంటే నిజాయితీగా ఉంటుంది, మెమరీ సైజులు మాత్రం ఈ దారిలో రావు.

అన్నిటికంటే గట్టి దారి ఎక్స్‌ఎంఎల్. ఎల్‌ఎస్‌టోపోతో ఎక్స్‌ఎంఎల్ రాయించుకుని, తప్పు సరిదిద్ది, హెచ్‌డబ్ల్యూలాక్_ఎక్స్‌ఎంఎల్‌ఫైల్ వేరియబుల్‌లో ఆ ఫైల్ పేరు పెడితే లైబ్రరీ వాడే ప్రతి ప్రోగ్రామ్ ఇక దాన్నే చదువుతుంది. ఒక మెలిక ఉంది, బయటి ఫైల్ నుంచి వచ్చిన చెట్టు ఈ మెషిన్‌ది కాదేమో అని లైబ్రరీ బైండింగ్‌ని, అంటే ప్రాసెస్‌ని కోర్‌కి కట్టేయడాన్ని, నిజంగా చేయదు. ఇది ఈ మెషిన్‌దే అని హెచ్‌డబ్ల్యూలాక్_దిస్‌సిస్టమ్ వేరియబుల్‌ని 1 చేసి హామీ ఇవ్వాలి. ఇది తెలియకపోతే అంతా సరిగ్గా చేసినట్టే ఉంటుంది, ప్రాసెస్‌లు మాత్రం ఎక్కడ పడితే అక్కడ తిరుగుతాయి. ఎక్స్‌ఎంఎల్‌కి ఇంకో లాభం కూడా ఉంది. వందల కోర్లున్న మెషిన్‌లో వందల ప్రాసెస్‌లు ఒకేసారి లేచి ఒక్కొక్కటీ సిస్‌ఎఫ్‌ఎస్ మొత్తం చదవడం మొదలుపెడితే స్టార్టప్ బాగా నెమ్మదిస్తుంది, ఫైల్ నుంచి చదివితే ఆ బాధ తగ్గుతుంది.

క్లస్టర్ నడిపేవాళ్లకి స్లర్మ్ దగ్గర ఇదే కథ ఇంకో రూపంలో ఎదురవుతుంది. కాన్ఫిగరేషన్‌లో ఈ నోడ్‌కి (ఇక్కడ నోడ్ అంటే క్లస్టర్‌లో ఒక సర్వర్) ఇన్ని సాకెట్లు, ఇన్ని కోర్లు, ఇన్ని థ్రెడ్లు అని మనం రాస్తాం. నోడ్ లేచినప్పుడు అందులో నడిచే స్లర్మ్ ప్రోగ్రామ్ స్లర్మ్‌డీ కనిపెట్టిన లెక్క దానికంటే తక్కువ వస్తే, సాకెట్, కోర్, థ్రెడ్ కౌంట్ తక్కువుంది అని కారణం రాసి నోడ్‌ని పక్కన పెట్టేస్తుంది. బయోస్‌లో ఎవరో హైపర్‌థ్రెడింగ్ ఆపేసినా ఇంతే. స్లర్మ్‌డీకి పెద్ద అక్షరం సీ ఆప్షన్ ఇస్తే అది ఏం కనిపెట్టిందో ఒక లైన్‌లో చెబుతుంది, ముందు అది చూడండి. కనిపెట్టినదాన్ని వదిలేసి నేను రాసిందే నమ్ము అని చెప్పే కాన్ఫిగ్ ఓవర్‌రైడ్స్ అనే సెట్టింగ్ ఉంది కానీ, నా దృష్టిలో అది టెస్టింగ్‌కే పనికొస్తుంది. ప్రొడక్షన్‌లో పెడితే, చచ్చిపోయిన డిమ్ (మెమరీ స్టిక్), కనిపించకుండా పోయిన సాకెట్ లాంటివి కూడా ఆ తెర వెనకే దాక్కుంటాయి.

చిన్న చిన్న చిరాకులు ఉన్నాయి. ప్రతి దానికీ రెండు నంబర్లు, ఎల్ పక్కన ఉన్నది హెచ్‌డబ్ల్యూలాక్ తన చెట్టులో వరసగా వేసుకున్న నంబర్, పీ పక్కన ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన నంబర్. ప్రాసెస్‌ని కోర్‌కి కట్టేసే హెచ్‌డబ్ల్యూలాక్-బైండ్ కమాండ్‌కి ఇచ్చేది మామూలుగా మొదటిది, అదే పని చేసే లైనక్స్ టాస్క్‌సెట్‌కి ఇచ్చేది రెండోది. ఒకదాని బదులు ఒకటి ఇస్తే ఎర్రర్ రాదు, వేరే కోర్ మీద నడుస్తుంది, అంతే. ఎల్ నంబర్ వాడమని వాళ్లు చెప్పడంలో న్యాయముంది, పీ నంబర్లు బయోస్‌ని బట్టి ఎలా పడితే అలా మారతాయి, రెండు ఒకేలాంటి సర్వర్లలో కూడా వేరుగా ఉండొచ్చు. కంటైనర్‌లోనో, స్లర్మ్ జాబ్‌లోనో ఎల్‌ఎస్‌టోపో కొట్టి సగం కోర్లు మాయమయ్యాయని కంగారు పడకండి, వాడుకునే వనరులకి హద్దు గీసే సీగ్రూప్ మీకు ఇచ్చినంత వరకే చూపిస్తోంది, మొత్తం కావాలంటే డిస్‌అలౌడ్ అనే ఆప్షన్ ఇవ్వాలి. ఇంకా, 2018లో వచ్చిన 2.0లో నూమా నోడ్లని చెట్టు ప్రధాన కొమ్మ మీదనుంచి తీసి పక్కన మెమరీ పిల్లలుగా పెట్టారు. మామూలు మెమరీతో పాటు హెచ్‌బీఎం లాంటి వేగవంతమైన మెమరీ కూడా ఉన్న మెషిన్లకి అది తప్పదు, కానీ 1.x మీద రాసిన కోడ్ చాలా తిరగరాయాల్సి వచ్చింది. పాత వెర్షన్‌కి కొత్త ఎక్స్‌ఎంఎల్ అర్థం కాదు, ఎగుమతి చేసేటప్పుడే పాత ఫార్మాట్ అడగాలి. విండోస్‌లో, మ్యాక్‌లో కూడా పనిచేస్తుంది, మ్యాక్‌లో బొమ్మ వరకే, ప్రాసెస్‌ని కోర్‌కి కట్టేసే దారి ఆ ఆపరేటింగ్ సిస్టమే ఇవ్వదు.

వేరేవాటితో పోలిక అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఎల్‌ఎస్‌సీపీయూ త్వరగా ఒక చూపు చూడటానికి బాగుంటుంది. నూమాసీటీఎల్‌కి నోడ్లు, వాటి దూరాలు తప్ప క్యాష్‌లు పట్టవు. జర్మనీలో ఎర్లాంగెన్ వాళ్ల లైక్‌విడ్‌లో టోపాలజీ చూపించే టూల్ ఉంది, పర్ఫార్మెన్స్ కౌంటర్లతో కలిపి వాడేవాళ్లకి అదే హాయి, నాకు ఏదైనా అనుమానం వస్తే దాన్నీ ఎల్‌ఎస్‌టోపోనీ పక్కపక్కన పెట్టి చూస్తాను. తప్పుని మొహం మీద చెప్పే విషయంలో మాత్రం ఇవేవీ హెచ్‌డబ్ల్యూలాక్ దరిదాపుల్లో లేవు. 5కి 4 ఇస్తాను. తగ్గించిన ఒకటి, వార్నింగ్‌లో మామూలు మనిషికి పనికొచ్చే మాట లేనందుకు, వర్చువల్ మెషిన్‌లో కూడా అంతే ధీమాగా బొమ్మ గీసినందుకు.

మీ దగ్గర సర్వర్లు ఉంటే ఒక పని చేయండి. బయోస్ అప్‌డేట్‌కి ముందు ఎక్స్‌ఎంఎల్ ఒకటి తీసి పెట్టుకోండి, అప్‌డేట్ అయ్యాక ఇంకోటి తీసి హెచ్‌డబ్ల్యూలాక్-డిఫ్‌కి రెండూ ఇవ్వండి. మెమరీ సైజు లాంటి చిన్న తేడాలైతే వరసగా రాసిస్తుంది. చెట్టు ఆకారమే మారిపోతే ఇంత తేడాని నేను రాయలేనని చేతులెత్తేస్తుంది, అప్పుడు రెండు ఫైళ్లనీ ఎల్‌ఎస్‌టోపోలో తెరిచి పక్కపక్కన చూసుకోండి, ఎక్కువగా నోడ్ల సంఖ్య మారి ఉంటుంది, అప్‌డేట్ పోతూ పోతూ బయోస్‌లో నూమా సెట్టింగ్‌ని ఫ్యాక్టరీ విలువకి తిప్పేసి ఉంటుంది.